నిచ్చెన పట్టుకున్న ముగ్గురు

మూడేళ్ల కిందట ఒక రాత్రి, ఇంట్లో అందరూ పడుకున్నాక, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, పద్దెనిమిదో శతాబ్దపు ఆస్ట్రియా స్వరకర్త హైడన్ నాలుగు తీగ వాద్యాల కోసం రాసిన స్ట్రింగ్ క్వార్టెట్ ఒకటి విన్నాను. అయ్యేసరికి ఇరవై నిమిషాలు దాటింది. లేచి మంచినీళ్లు తాగుతూ, విన్నదాంట్లో ఒక్క ముక్కైనా కూనిరాగం తీద్దామని చూశాను. నోటికి ఏదీ రాలేదు.

నేను విజయనగరంలో పెరిగినదాన్ని. మా రోజుల్లో అక్కడ ద్వారం వెంకటస్వామినాయుడు గారి పేరు తలుచుకోకుండా వయొలిన్ పాఠం మొదలయ్యేది కాదు. ఏడో ఏట నుంచి ఇంటర్ దాకా నేర్చుకున్నాను. సరళీ స్వరాలు, జంటలు, అలంకారాలు, గీతాలు, అయిదారు వర్ణాలు, కొన్ని కృతులు. తరవాత చదువు, ఉద్యోగం, పిల్ల. వయొలిన్ పెట్టెలోకి వెళ్లిపోయింది గానీ చెవి మాత్రం నాతోనే ఉందని నమ్మకం. కచేరీకి వెళ్తే ఏదో ఒక కీర్తన పల్లవి నా వెంట ఇంటికొస్తుంది. అలాంటిది నాలుగు తీగ వాద్యాలు అంతసేపు వాయిస్తే ఒక్క వరసా చిక్కకపోవడమేమిటి? ఆ పట్టుదలే నన్ను మళ్లీ మర్నాడు రాత్రి అక్కడ కూర్చోబెట్టింది.

క్వార్టెట్‌లో ఇద్దరు వయొలిన్ వాయిస్తారు. ఒకరు వియోలా, ఒకరు చెల్లో. వియోలా చూడ్డానికి కాస్త పెద్ద వయొలిన్‌లా ఉంటుంది, శ్రుతి దానికంటే ఒక పంచమం, అంటే స నుంచి ప దాకా ఉన్నంత దూరం, కింద. చెల్లో ఇంకో స్థాయి కింద. మృదంగం లేదు, తంబురా లేదు. నా చెవి ఏం చేసిందో ఇప్పుడు తెలుస్తోంది. వాళ్లకి మన కచేరీ వేదిక మీద కుర్చీలు వేసింది. మొదటి వయొలిన్‌ని గాయకుణ్ణి చేసింది, రెండో వయొలిన్‌ని పక్కవాద్యం చేసింది, చెల్లోకి మృదంగం పనీ తంబురా పనీ కలిపి అప్పజెప్పింది. వియోలాకి ఏ పనీ ఇవ్వలేదు. అలా వింటే మొదటి వయొలిన్ కాసేపు పాడి ఊరుకోగానే పాట ఆగిపోయినట్టే అనిపిస్తుంది. నిజానికి అది అప్పటికే వేరేవాళ్ల చేతిలో ఉంటుంది.

దానికి తోడు షడ్జం, అంటే పాటకి ఆధారమైన 'స', కదులుతుంది. మనకి తంబురా దీపంలా వెలుగుతూనే ఉంటుంది, ఎంత దూరం వెళ్లినా ఇల్లెక్కడో కనిపిస్తుంది. గ్రహభేదం, అంటే వేరే స్వరాన్ని షడ్జం అనుకుని పాడటం, చేస్తే విద్వాంసుడు చెప్పి మరీ చేస్తాడు. వీళ్లు చెప్పాపెట్టకుండా రెండు నిమిషాల్లో ఇల్లు మారుస్తారు, మళ్లీ తిరిగొస్తారు. ఆ తిరిగి రావడంలోనే సగం అందం ఉందని తెలియడానికి నాకు కొన్ని నెలలు పట్టింది.

మొదట్లో నేను చేసిన పొరపాటు, వినకముందే చదవడం. నేను పట్టుకున్నది హైడన్ క్వార్టెట్లలో ఓపస్ 76 అనే సంపుటిలో నాలుగోది. 1797లో రాశాడు. దానికి 'సన్‌రైజ్' అని పేరు. మొదట్లో సూర్యోదయం వినిపిస్తుందని ఎక్కడ చూసినా రాసి ఉంది. సరే, నాకూ వినిపించింది. కానీ అది ఆ రాసినవాళ్ల సూర్యుడు. మేముండేది విశాఖపట్నంలో. సముద్రంలోంచి పొద్దు పొడవడం ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఆ చూసినదేదీ వింటున్నదానికి అంటుకోలేదు. పేరు ముందొచ్చి దారికి అడ్డంగా నిలబడింది.

ఆ అడ్డు తీసింది మా అమ్మాయి. అప్పుడు దానికి పదేళ్లు. సెలవురోజు పక్కన చేరి నాకూ వినిపించమంది. పేరు చెప్పకుండా హెడ్‌ఫోన్స్ దాని చెవులకి పెట్టి మొదటి నిమిషం వినిపించాను. ఏం కనిపిస్తోందని అడిగితే కళ్లు తెరవకుండానే చెప్పింది: "ఒకళ్లు పైకెక్కుతున్నారు. కింద ముగ్గురు నిచ్చెన పట్టుకున్నారు. కదిలితే ఆ ఎక్కేవాళ్లు పడిపోతారు కదమ్మా, అందుకే కదలట్లేదు."

హెడ్‌ఫోన్స్ తీసుకుని మళ్లీ మొదటినుంచి పెట్టాను. అదే జరుగుతోంది. రెండో వయొలిన్, వియోలా, చెల్లో కలిసి ఒక కార్డ్‌ని, అంటే ఒకేసారి మోగే కొన్ని స్వరాల గుంపుని, మెల్లగా పట్టుకుని ఉన్నాయి. పైన మొదటి వయొలిన్ ఒక్కో మెట్టూ తడుముకుంటూ, చిన్నగా ఆగుతూ ఎక్కుతోంది. పది పదిహేనుసార్లు విన్నాను గానీ ఆ ముగ్గురినీ నేను ఒక్కసారీ వినలేదు. ఎక్కేవాణ్ణే చూస్తూ కూర్చున్నాను. కింద ఆ నిలకడ లేకపోతే పైన ఆ స్వరాలకి ఎక్కడం అనే అర్థమే లేదు. నేను వయొలిన్ మీద ఆ పై వరస ఒక్కటే తరవాత వాయించి చూశాను. బాగానే ఉంది, కానీ ఎవరూ ఎక్కడికీ ఎక్కలేదు.

మళ్లీ రెండోసారి అదే ఎక్కడం వస్తుంది. ఈసారి కింద పట్టుకున్న కార్డ్ వేరు, అందులో కొంచెం బిగువు ఉంది, ఎటో పోవాలన్న తొందర ఉంది. పైవాడు చేసేది దాదాపు అదే పని. అయినా మొదటిసారి వెలుగు రావడంలా ఉన్నది రెండోసారి ఎదురుచూపులా ఉంటుంది. ఇంకాస్త ముందుకెళ్తే నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు వస్తుంది. ఇప్పుడు పై మూడు వాద్యాలూ కదలకుండా నిలబడతాయి, చెల్లో అదే వరసని తలకిందులు చేసి కిందికి దిగుతుంది. భీమిలి దారిలో పొద్దున్నే చూస్తే పైన సూర్యుడు ఒకడు, నీళ్లలో కిందికి సాగే వెలుగు చార ఒకటి. పేరు మర్చిపోయాక గానీ నా సముద్రం ఆ పాటలోకి రాలేదు. ఇంతకీ ఆ పేరు హైడన్ పెట్టింది కాదు, తరవాత వాళ్లు పెట్టుకున్నది.

అప్పట్నుంచి నా వినికిడి ఒక ప్రశ్న చుట్టూ తిరిగింది: మిగతా ముగ్గురూ ఏం చేస్తున్నారు?

క్వార్టెట్‌లో ఒక్క మూవ్‌మెంట్, అంటే ఒక్క భాగం, తీసుకుని వారం రోజులు అదే వినేదాన్ని. మొదటిరోజు ఏమీ చదవకుండా. తరవాత రోజుకొక వాద్యం. చెల్లో తేలిక, అడుగున ఉంటుంది కాబట్టి చెవి దాని మీద ఆనుకోగలదు. రెండో వయొలిన్‌ని మొదటిదాని నుంచి విడదీయడం కష్టం, రెండిటి గొంతూ ఒకటే. వియోలా ఇంకా కష్టం. అటు వయొలిన్‌కీ ఇటు చెల్లోకీ నడుమ దాక్కుంటుంది. ఒక రాత్రి దాన్ని పట్టుకున్నాను అనుకుని చాలాసేపు సంబరంగా విని, చివరికి అది చెల్లో పై తీగ అని తెలుసుకున్నాను. అప్పుడు స్కోర్, అంటే నలుగురి స్వరాలూ రాసిన ప్రతి, దింపుకున్నాను. ఇవి పాతవి కాబట్టి నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి. ఏ గీత మీద ఏ స్వరమో చెప్పే గుర్తుని క్లెఫ్ అంటారు, వియోలాకి వేరే క్లెఫ్ ఉంటుంది, వయొలిన్ గీతల్లా చదివితే అన్నీ తప్పే. పెన్సిల్‌తో ప్రతి స్వరం కింద తెలుగులో స, రి, గ, మ రాసుకున్నాను. నాకు పాట చేతికొచ్చేది అక్షరాల్లోనే.

ఇలా వినడం నేర్చుకోవాలనుకునే ఎవరికైనా నేను మొదట చేతిలో పెట్టేది ఓపస్ 76లోనే మూడోది, దాని రెండో మూవ్‌మెంట్. 'ఎంపరర్' అంటారు. అందులో ఉన్న వరస హైడన్ తన చక్రవర్తి ఫ్రాన్సిస్ కోసం కట్టిన స్తుతిగీతం. 1797 ఫిబ్రవరి 12న, చక్రవర్తి పుట్టినరోజున మొదటిసారి పాడారు. ఈనాటి జర్మనీ జాతీయగీతం వరస కూడా అదే. స రి గ రి మ గ రి ని స. శంకరాభరణం స్వరాలు, పిల్లలు కూడా ఒక్కపూటలో పాడేస్తారు. లండన్‌లో ఇంగ్లీషువాళ్లు తమ రాజు కోసం పాడే గీతం విన్నాక మా దేశానికీ ఇలాంటిదొకటి ఉంటే బాగుండునని హైడన్ అనుకున్నాడని చెబుతారు. ఆ ఇంగ్లీషు గీతం వరసకే మన ముత్తుస్వామి దీక్షితులు "సంతతం పాహిమాం" అని సంస్కృతంలో సాహిత్యం కట్టారు. చిన్నప్పుడు నోట్టుస్వరాల్లో, అంటే దీక్షితులు ఇంగ్లీషు బాణీలకి కట్టిన పాటల్లో, నేను వాయించిందే. ఒకే పాట విని వియన్నాలో ఒకరు, తంజావూరు సీమలో ఒకరు చెరో పని చేశారని తెలిసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ మూవ్‌మెంట్‌లో మొదట అందరూ కలిసి వరసని సాదాగా వాయిస్తారు, పైన మొదటి వయొలిన్. తరవాత నాలుగు వేరియేషన్లు, అంటే అదే వరసని నాలుగు రకాలుగా తిప్పి వాయించడం. మొదటిదాంట్లో వరస రెండో వయొలిన్‌కి వెళ్తుంది. మొదటి వయొలిన్ దాని చుట్టూ సన్నని స్వరాలతో అల్లిక అల్లుతుంది. మిగతా ఇద్దరూ ఊరుకుంటారు. రెండోదాంట్లో వరస చెల్లోది. మూడోది వియోలా. నాలుగోదాంట్లో మళ్లీ మొదటి వయొలిన్, కానీ ఇప్పుడు కింద ఉన్న ముగ్గురూ మొదట్లో ఉన్నవాళ్లు కారు.

నాకు మొదట వీటిలో గొప్ప ఏమిటో అర్థం కాలేదు. మన దగ్గర త్యాగరాజస్వామి కృతిలో పల్లవికి సంగతులు, అంటే అదే పంక్తిని కొత్త కొత్త మలుపులతో, వేస్తుంటే వరసే పెరుగుతూ పోతుంది. మొదటి సంగతి మొగ్గ అయితే ఆరోది పువ్వు. తాళం, శ్రుతి ఉన్నచోటే ఉంటాయి. నేను ఇక్కడా అదే వెతికాను, వరస ఎప్పుడు మారుతుందా అని. అది మారదు. అయిదుసార్లూ అదే వరస. మారేదంతా దాని చుట్టూ ఉన్నది. ఒకే మనిషి అయిదు ఇళ్లలో అయిదు గడపల దగ్గర నిలబడ్డట్టు. చెల్లో పాడినప్పుడు పెద్దాయన గొంతు. వియోలా పాడేటప్పుడు చుట్టూ ఉన్నవాళ్లు అరస్వరాల్లో జారుతూ ఉంటారు, అదే శంకరాభరణం వరస మీద నీడ పడుతుంది. ఆ మూడో వేరియేషన్ వియోలాని నాకు చూపించింది. వరస ముందే కంఠతా వచ్చు కాబట్టి, ఆ ముక్కు గొంతు ఎవరిదో మొదటిసారి తడుముకోకుండా తెలిసింది.

1809 మేలో ఫ్రెంచి సైన్యం వియన్నాని పట్టుకున్నప్పుడు హైడన్ ముసలివాడు, నీరసంగా ఉన్నాడు. ఆ రోజుల్లో ఇంట్లో పియానో దగ్గర కూర్చుని ఈ పాటే వాయించుకునేవాడట. ఆ నెలాఖరున, 31న పోయాడు. ఈ సంగతి నాకు వినకముందు తెలియనందుకు సంతోషం. ముందే తెలిసి ఉంటే ప్రతి స్వరంలోనూ ముసలాయన్నే వెతికేదాన్ని.

హైడన్‌దే 1790 నాటి క్వార్టెట్ 'లార్క్' (పాడే పిట్ట ఒకటి) గురించి ఎక్కువ చెప్పను. కింద మూడు వాద్యాలు పొట్టి పొట్టి స్వరాలతో అడుగులు వేస్తూ మొదలుపెడతాయి, అదే పాట అనుకుంటాం. అప్పుడు ఎక్కడో పైనుంచి మొదటి వయొలిన్ పొడుగాటి స్వరంతో వస్తుంది. అప్పటిదాకా విన్నది నేల. ఆకాశం కనిపించాలంటే ముందు నేల వేయాలని హైడన్‌కి తెలుసు. 'ఫ్రాగ్' అని ఇంకోటుంది, ఒకే స్వరాన్ని రెండు తీగల మీద మార్చి మార్చి వాయిస్తే కప్ప బెకబెకలా ఉంటుందని ఆ పేరొచ్చింది. కాలేజీలో పిల్లలకి ఫిజిక్స్ చెప్పేదాన్ని కాబట్టి ఇది నాకు పండగ. స్థాయి అదే, గొంతు వేరు. పెట్టెలోంచి నా వయొలిన్ తీసింది మొదట దీనికోసమే.

హైడన్ కాలపు ఇంకో స్వరకర్త మోత్సార్ట్ 1785 జనవరిలో ముగించిన సి మేజర్ (మేజర్ అంటే మన శంకరాభరణం స్వరాలే) క్వార్టెట్ నన్ను ఉలిక్కిపడేలా చేసింది. చెల్లో షడ్జాన్ని మెల్లగా తడుతూ ఉంటుంది. దాని మీద వియోలా శుద్ధ ధైవతం, రెండో వయొలిన్ సాధారణ గాంధారం. అంతలో పైన మొదటి వయొలిన్ చతుశ్శ్రుతి ధైవతంతో, అంటే వియోలా ధైవతానికి అరస్వరం పైనుండే ధైవతంతో, ప్రవేశిస్తుంది. శ్రుతి తప్పారు అనుకుని ఆపేశాను. మా గురువుగారు ఉంటే కమానుతో వేళ్ల మీద కొట్టేవారు. మళ్లీ పెట్టి, ఒక్కొక్కరినే విన్నాను. ఎవరికి వారు సరిగ్గానే ఉన్నారు, ఒకరి మాట ఒకరు ఒప్పుకోవడం లేదంతే. ఇరవై రెండు బార్‌లు (మన తాళావర్తాల్లాంటివి) అలా మబ్బులో నడిపించి, ఆ తరవాత తేటగా సి మేజర్‌లోకి వదులుతాడు. ఆ మబ్బుని దాటకుండా వింటే ఆ తేటదనం మామూలు పాటే.

వాళ్ల తరవాతి తరం స్వరకర్త షూబర్ట్ డి మైనర్ క్వార్టెట్‌ని ఏడాది పాటు నేను పెట్టలేదు. 'డెత్ అండ్ ది మెయిడెన్', అంటే 'మృత్యువూ కన్యా', అన్న పేరు చూసి వెనక్కి తగ్గాను. మా నాన్నగారు పోయి అప్పటికి ఎక్కువ కాలం కాలేదు. 1824లో రాశాడు షూబర్ట్, ఇరవై ఏడేళ్లవాడు. ఆరోగ్యం ఇక బాగుపడదని ఆ ఏడు మార్చిలో స్నేహితుడికి ఉత్తరం రాశాడు. 1828లో ముప్ఫై ఒకటో ఏట పోయాడు. ఇది అచ్చయింది ఆ తరవాతే, 1831లో.

రెండో మూవ్‌మెంట్‌కి మూలం అతను 1817లో కట్టిన పాట. మాథియాస్ క్లాడియస్ పద్యం అది. అందులో కన్య మృత్యువుని తనని వదిలి వెళ్లిపొమ్మంటుంది. మృత్యువు, నేను నేస్తాన్ని, శిక్షించడానికి రాలేదు, నా చేతుల్లో హాయిగా నిద్రపోతావు అంటుంది. క్వార్టెట్‌లో షూబర్ట్ ఆ మాటలన్నీ తీసేసి నడక ఒక్కటే ఉంచుకున్నాడు.

నేను అలవాటుకొద్దీ మిగతా ముగ్గురూ ఏం చేస్తున్నారని వెతికాను. ఇక్కడ మిగతా ముగ్గురు లేరు. నలుగురూ ఒకే నడక. ఒక పొడుగు, రెండు పొట్టి. మన ఛందస్సులో భగణం. గురువు, లఘువు, లఘువు. వరస దాదాపు కదలదు, ఉన్న స్వరాన్నే మళ్లీ మళ్లీ మెల్లగా తాకుతుంది. అడుగు, అడుగు, అందరూ ఒక్కసారే.

నాన్నగారిని తీసుకెళ్లిన రోజు నేను వీధి గుమ్మంలో నిలబడి ఉన్నాను. మోసేవాళ్లు నలుగురు. అడుగు కలవకపోతే పాడె ఒరుగుతుందని ముందున్నాయన మెల్లగా ఏదో చెబుతున్నాడు. ఆ అడుగుల చప్పుడు నాకింత గుర్తుందని ఆ రాత్రి దాకా తెలియదు. ఇది ఆ పేరు తెచ్చిన బొమ్మ కాదు. ఆ పేరుకి భయపడి కూర్చున్నన్నాళ్లూ నాకేదీ కనిపించలేదు. నాలుగు కమాన్లు కలిసి కదలడంలోంచి వచ్చింది.

తరవాత మొదటి వేరియేషన్‌లో మొదటి వయొలిన్ ఆ నడక నుంచి విడిపడి పైన ముక్కలు ముక్కలుగా పలుకుతుంది, ఏడుపులో మాట తెగినట్టు. రెండోదాంట్లో వరస చెల్లోకి వెళ్తుంది, ఆ గొంతులో ఆ వరస మనిషిని దగ్గరకి తీసుకుంటుంది. మూడోదాంట్లో అదే భగణం గుర్రపు డెక్కల్లా పరుగెడుతుంది. నాలుగోది మైనర్ దిగులు వదిలి మేజర్‌లోకి తిరుగుతుంది. అయిదోది చిన్నగా మొదలై పెరిగి పెరిగి, చివరికి మళ్లీ తగ్గిపోయి, అంతా మేజర్ కార్డ్ మీద సద్దుమణుగుతుంది. పద్యంలో మృత్యువు ఇచ్చిన మాటని స్వరాల్లో నిలబెట్టుకున్నాడు. ఆ చివరి కార్డ్ వినగలిగినప్పుడు నేను ఏడవలేదు. దీపం తీసేసి ఇంకాసేపు కూర్చున్నాను.

పోయిన డిసెంబరులో హైదరాబాదులో ఒక చిన్న హాల్లో బయటి దేశం నుంచి వచ్చిన నలుగురు వాయించారు. రైలెక్కి వెళ్లాను. రికార్డింగ్‌లో ఎన్నాళ్లు విన్నా తెలియనిది ఒకటి చూశాను. మొదలుపెట్టే ముందు మొదటి వయొలిన్ ఆయన ఊపిరి తీస్తాడు, ముగ్గురూ ఆయనతో పాటే తీస్తారు. ఆ తరవాత వాళ్లు ఆయన వైపు దాదాపు చూడరు. వియోలా వాయించే అమ్మాయి కళ్లు చెల్లో చేతి మీద ఉన్నాయి.

ఇంటికొచ్చిన వారానికి నా వయొలిన్‌కి తీగలు మార్చాను. మనం స ప స ప అని కడతాం. వాళ్ల వరసలో కట్టాలంటే ప్రతి తీగకీ మధ్య పంచమం దూరం ఉండాలి, పాత బిరడాలు జారుతూ ఒక సాయంత్రమంతా సతాయించాయి. కింద కూర్చోవడం మాని, అలవాటు లేకపోయినా నిలబడి చుబుకం కింద పెట్టుకున్నాను. మా అమ్మాయికి ఇప్పుడు పదమూడేళ్లు. ఫోన్‌ని స్పీకర్‌కి కలిపి, ఓపస్ 76లో నాలుగోది పెట్టమన్నాను. నేను వాయించేది రెండో వయొలిన్ భాగం. మొదట్లో ఒక్కటే స్వరం, అలా పట్టుకుని ఉండాలి, అంతే. పిల్లలకి మొదటిరోజు చెప్పే పాఠం.

కొన్ని సెకన్లే. పైన ఆయన ఎక్కుతున్నాడు. కమాను ఎంత మెల్లగా లాగినా సగానికొచ్చేసరికి మణికట్టు వణికింది, స్వరం గరగరమంది. "కదిలావమ్మా" అంది. కమాను తిరిగి మొదలు దగ్గర పెట్టుకుని, మళ్లీ వెనక్కి పెట్టమన్నాను.